‘కొద్దిగా తాగితే గుండెకు మంచిదట’ – ఆ మాట ఎంతవరకు నిజం?

మన సొసైటీ ఏటా నిర్వహించే ఉచిత గుండె పరీక్షల శిబిరంలో మా ఉపాధ్యాయులకు అప్పగించే పని ఒక్కటే. వచ్చినవారి పేరు, వయసు, జబ్బుల వివరాలు ఫారంలో నింపాలి. చేతిరాత అర్థమయ్యేలా ఉంటుందని ఈ పని మాకు ఇస్తారు. ఆ ఫారంలో తొమ్మిదో ప్రశ్న: ‘మద్యం అలవాటు ఉందా?’ రెండేళ్ల క్రితం జరిగిన శిబిరంలో మా బల్ల దగ్గర నింపిన ఫారాలన్నిటిలోనూ ఆ గడిలో ఒకటే జవాబు: లేదు. నిజం చెప్పాలంటే చాలామందిని మేము అడగనేలేదు. గడ్డం, టోపీ చూసి మేమే ‘లేదు’ అని రాసేశాం. పక్కన భార్యో కొడుకో నిలబడి ఉండగా పెద్దమనిషిని ఆ ప్రశ్న అడగడం మర్యాద కాదనిపించింది.

జుహర్ నమాజు తర్వాత ఒక పెద్దాయన ఒంటరిగా మళ్లీ వచ్చారు. ఉదయం కొడుకుతో వచ్చి ఫారం నింపించుకుని వెళ్లినవారే. ఉద్యోగం చేసి రిటైరయ్యారు. మూడేళ్ల క్రితం గుండెకు స్టెంట్ వేయించుకున్నారు. బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి, “మాస్టారూ, ఆ తొమ్మిదో గడి కాస్త దిద్దుతారా?” అన్నారు. దిద్దడానికి పెన్ను తీశాం. ఆయన ఆగలేదు. “రోజూ రాత్రి ఒక నైంటీ. అంతకు మించి ఒక్క చుక్క ముట్టను. స్టెంట్ వేశాక మా ఆఫీసు మిత్రుడొకరు పేపరు కట్టింగ్ తెచ్చి చూపించాడు, కొద్దిగా అయితే గుండెకు మంచిదని. మందులాగానే తీసుకుంటున్నాను. మంచిదే కదండీ?”

ముప్పయ్యేళ్లకు దగ్గరగా జీవశాస్త్రం పాఠం చెబుతున్నాం. గుండె బొమ్మ కళ్లు మూసుకుని గీయగలం. కానీ ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. ఆయన్ను డాక్టరు గారి దగ్గరికి పంపించి ఊరుకున్నాం. ఆ తర్వాత శిబిరానికి వచ్చే డాక్టర్లను అడిగి, వారు సూచించినవి చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం. మద్యం విషయంలో ధర్మం ఏం చెబుతుందో ఈ సంచిక చదివేవారికి మేము చెప్పనక్కర్లేదు, అది చెప్పడానికి ఉలమాలు ఉన్నారు. అయితే ‘ఇది తాగుడు కాదు, మందు’ అని నమ్మిన మనిషికి ఆ ఉపదేశం తనకు వర్తించదనిపిస్తుంది. అందుకే ఆ మందు మాట సంగతి తేల్చుకోవాలి.

ఆ మాట ఎక్కడ పుట్టింది?

ఇది గాలికి పుట్టిన మాట కాదు. దీని వెనుక నిజమైన పరిశోధనలే ఉన్నాయి. 1926లో అమెరికాలో రేమండ్ పెర్ల్ అనే శాస్త్రవేత్త బాల్టిమోర్ కుటుంబాల వివరాలు సేకరించి, మితంగా తాగేవారు అసలు తాగనివారికన్నా ఎక్కువకాలం బతుకుతున్నట్టు రాశారు. 1974లో కాలిఫోర్నియాకు చెందిన డాక్టర్ ఆర్థర్ క్లాట్‌స్కీ బృందం, గుండెపోటు వచ్చినవారిలో అసలు తాగనివారి వాటా ఎక్కువగా ఉందని గమనించింది. 1991లో అమెరికాలో ‘సిక్స్‌టీ మినిట్స్’ అనే టీవీ కార్యక్రమం ఈ మాటను ఇంటింటికీ చేర్చింది. ఫ్రాన్స్ ప్రజలు వెన్న, జున్ను, మాంసం దండిగా తింటారు కదా, అయినా వారిలో గుండెపోటు మరణాలు తక్కువ ఎందుకని ఆ కార్యక్రమం ప్రశ్నించి, రెడ్ వైన్ వల్ల కావచ్చని సూచించింది. మరుసటి ఏడాది సెర్జ్ రెనో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త అదే వాదనను ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ప్రచురించారు. అమెరికాలో రెడ్ వైన్ అమ్మకాలు పెరిగాయి. ఆ మాట పత్రికల్లో పడి, దేశాలు దాటి, మన పెద్దాయన జేబులోని కట్టింగ్ దాకా వచ్చింది. దారిలో వైన్ కాస్తా బ్రాందీ అయిపోయింది!

ఈ పరిశోధనల ఫలితాలను గ్రాఫు గీస్తే ఆంగ్ల అక్షరం ‘జె’ ఆకారం వస్తుంది. అసలు తాగనివారికి కొంత ప్రమాదం, కొద్దిగా తాగేవారికి అంతకన్నా తక్కువ, ఎక్కువ తాగేకొద్దీ పైకి ఎగబాకే ప్రమాదం. ఇందుకు కారణాలు కూడా చూపించారు. మద్యం ‘మంచి కొలెస్ట్రాల్’ అని మనం పిలుచుకునే హెచ్‌డీఎల్‌ను పెంచుతుంది. రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోవడాన్ని కొంత తగ్గిస్తుంది. ఈ రెండూ అబద్ధాలు కావు. పరీక్షల్లో కనిపించినవే.

మరి చిక్కు ఎక్కడుంది? మా వృత్తిలోంచే ఒక ఉదాహరణ చెబుతాం. ఆటల పీరియడ్‌లో పిల్లలంతా కబడ్డీ ఆడుతుంటారు. కొందరు చెట్టు కింద కూర్చుంటారు. వారిలో ఉబ్బసం ఉన్నవాడు, నిన్నటి దాకా జ్వరంతో పడుకున్నవాడు, కాలికి కట్టు కట్టించుకున్నవాడు ఉంటారు. అసలు ఆటంటే ఇష్టం లేనివాడూ ఉంటాడు. ఎవరో ఇన్‌స్పెక్టర్ వచ్చి రెండు గుంపులనూ పరీక్షించి, “కబడ్డీ ఆడేవారికి ఉబ్బసం లేదు, కాబట్టి కబడ్డీ ఆడితే ఉబ్బసం రాదు” అని రిపోర్టు రాస్తే ఎలా ఉంటుంది? పాత పరిశోధనల్లో జరిగింది ఇంచుమించు అదే. ‘తాగనివారు’ అనే చెట్టు కింద జీవితంలో ఎన్నడూ ముట్టనివారితో పాటు, తాగి తాగి ఆరోగ్యం పాడై మానేసినవారినీ, గుండెజబ్బో కాలేయ జబ్బో వచ్చి డాక్టరు మాన్పించినవారినీ కూర్చోబెట్టారు. 1988లో ఎ. జి. షేపర్ బృందం బ్రిటన్‌లోని 24 పట్టణాల నుంచి 7,735 మంది నడివయసు పురుషుల వివరాలు పరిశీలించి ఈ సంగతిని బయటపెట్టింది. తాగని గుంపులో అంతకుముందే జబ్బుపడినవారు ఎక్కువ. జబ్బు వల్ల తాగుడు మానేశారు గానీ, తాగకపోవడం వల్ల జబ్బు రాలేదు.

రెండో చిక్కు ఇంకా సూక్ష్మమైనది. పాశ్చాత్య దేశాల్లో మితంగా తాగేవారు సాధారణంగా బాగా చదువుకుని, బాగా సంపాదించి, కూరగాయలు తిని, వ్యాయామం చేసి, పొగతాగడానికి దూరంగా ఉండేవారు. 2022లో బ్రిటన్‌కు చెందిన 3,71,463 మంది సమాచారాన్ని అమెరికా పరిశోధకులు విశ్లేషించారు. ఈ జీవనశైలి తేడాలను లెక్కలోంచి తీసేసరికి, కొద్దిగా తాగేవారికి ఉన్నట్టు కనిపించిన లాభం చాలావరకు కరిగిపోయింది. వారి గుండెను కాపాడింది గ్లాసు కాదు, గ్లాసు పట్టుకున్న చేతికున్న మిగతా అలవాట్లు.

హెచ్‌డీఎల్ సంగతికీ ఒక జవాబు దొరికింది. టోర్‌సెట్రాపిబ్ అనే మందు హెచ్‌డీఎల్‌ను మద్యం పెంచేదానికన్నా చాలా ఎక్కువగా పెంచింది. సుమారు 15,000 మంది మీద దాన్ని పరీక్షిస్తుండగా, ఆ మందు తీసుకున్నవారిలోనే మరణాలు ఎక్కువ కావడంతో 2006 డిసెంబరులో ఆ పరీక్షను అర్ధంతరంగా ఆపేశారు. హెచ్‌డీఎల్ అంకె పెరిగినంత మాత్రాన గుండెకు రక్షణ వచ్చినట్టు కాదని వైద్యలోకానికి అప్పుడు గట్టిగా తెలిసింది. ఇక రెడ్ వైన్‌లో ఉండే రెస్వెరట్రాల్ పదార్థం గురించి. ఇటలీలో వైన్‌కు పేరుపడ్డ కియాంతి ప్రాంతంలో 65 ఏళ్లు దాటిన 783 మందిని ఏళ్ల తరబడి గమనించి 2014లో ఫలితం ప్రకటించారు. శరీరంలో ఆ పదార్థం ఎక్కువగా ఉన్నవారికీ తక్కువగా ఉన్నవారికీ గుండెజబ్బుల్లో గానీ మరణాల్లో గానీ తేడా లేదు. అదే పదార్థం ద్రాక్షపండులోనూ ఉంటుందన్నది వేరే సంగతి.

ప్రకృతి పెట్టిన పరీక్ష

ఇంతకూ, మద్యం గుండెకు మంచిదో కాదో నిక్కచ్చిగా తేల్చాలంటే ఏం చేయాలి? చీటీలు వేసి సగం మందిని తాగమని, సగం మందిని తాగవద్దని చెప్పి ఏళ్ల తరబడి చూడాలి. అమెరికాలో అలాంటి పరీక్ష నిజంగానే మొదలుపెట్టారు. 7,800 మందితో, సుమారు 10 కోట్ల డాలర్ల ఖర్చుతో చేయాలనుకున్నారు. ఆ డబ్బులో ఎక్కువ భాగం మద్యం కంపెనీల నుంచి వస్తోందని, పరీక్ష రూపకల్పన దశలోనే కంపెనీలతో మంతనాలు జరిగాయని బయటపడటంతో 2018 జూన్‌లో అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ దాన్ని రద్దు చేసింది. పరీక్ష పేపరు దిద్దేవారికి జీతం విద్యార్థి తండ్రి ఇస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మనుషులు చేయలేని ఆ పరీక్షను ప్రకృతి ఎప్పటి నుంచో చేస్తూనే ఉంది. చైనా, జపాన్, కొరియా ప్రజల్లో చాలామందికి పుట్టుకతోనే ఒక జన్యువు తేడాగా ఉంటుంది. వారు ఒక్క గుక్క తాగినా ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వికారం పుడుతుంది. మద్యం నుంచి పుట్టే ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థాన్ని వారి శరీరం త్వరగా విరగ్గొట్టలేదు. అందువల్ల వారు సహజంగానే తక్కువ తాగుతారు. ఏ జన్యువు వస్తుందన్నది తల్లి కడుపులోనే నిర్ణయమైపోతుంది. దానికి డబ్బుతో, చదువుతో, ముందే వచ్చిన జబ్బుతో సంబంధం లేదు. అచ్చంగా చీటీలు వేసినట్టే.

చైనాలో 5 లక్షల మందికి పైగా ప్రజలను సుమారు పదేళ్లపాటు గమనించిన పరిశోధన ఫలితాలు 2019లో లాన్సెట్‌లో వచ్చాయి. మామూలు పద్ధతిలో ‘ఎంత తాగుతారు?’ అని అడిగి లెక్క కడితే మళ్లీ అదే ‘జె’ ఆకారం వచ్చింది. అవే మనుషులను జన్యువు ప్రకారం విడదీసి లెక్క కడితే ‘జె’ మాయమైంది. పక్షవాతం ముప్పు తాగేకొద్దీ తిన్నగా పెరుగుతూ పోయింది. వారానికి 280 గ్రాముల ఆల్కహాల్ పెరిగితే, రక్తనాళం మూసుకుపోయి వచ్చే పక్షవాతం 27 శాతం, మెదడులో రక్తం చిమ్మి వచ్చేది 58 శాతం ఎక్కువ. గుండెపోటు మాత్రం చెప్పుకోదగ్గంత పెరగలేదు, తగ్గనూ లేదు. మాకు మరీ నచ్చిన అంశం ఇంకొకటి ఉంది. అవే జన్యువులున్న చైనా స్త్రీలను కూడా చూశారు. వారు దాదాపు తాగరు. వారిలో ఈ తేడాలేవీ కనిపించలేదు. అంటే దోషం జన్యువుది కాదు, గ్లాసుదే. ఇంత అందమైన ప్రయోగం మా పాఠ్యపుస్తకాల్లో ఎప్పటికైనా చేరితే బాగుండును.

ఇంకో పెద్ద లెక్కను కూడా దాచకుండా చెప్పాలి. 2018లో 83 పరిశోధనలను కలిపి 5,99,912 మంది మద్యపానీయుల వివరాలు విశ్లేషించారు. వారానికి ప్రతి 100 గ్రాములు పెరిగేకొద్దీ పక్షవాతం 14 శాతం, గుండె వైఫల్యం 9 శాతం, అధిక రక్తపోటుతో ముడిపడిన ప్రాణాంతక జబ్బులు 24 శాతం పెరిగాయి. గుండెపోటు మాత్రం 6 శాతం తగ్గినట్టు కనిపించింది. కట్టింగ్‌లు కత్తిరించేవారు ఆ ఒక్క వాక్యాన్నే కత్తిరిస్తారు! ఆ 6 శాతం మద్యం వల్లే వచ్చిందా, పైన చెప్పిన చెట్టు నీడ వల్ల వచ్చిందా అనే చర్చ నిపుణుల్లో ఇంకా నడుస్తోంది. ఎటు తేలినా, ఒక గదికి వేసిన తాళం మిగతా మూడు గదుల తలుపులు తెరిచిపెడుతుంటే దాన్ని మందు అనలేం. ప్రపంచ హృదయ సమాఖ్య 2022లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తమ మాట స్పష్టంగానే చెప్పాయి. గుండెకు మేలు చేసే మోతాదంటూ లేదని మొదటిది, ఆరోగ్యానికి సురక్షితమైన మోతాదంటూ లేదని రెండోది.

మన క్వార్టర్ లెక్క

విదేశీ పరిశోధనల్లో ‘ఒక డ్రింక్’ అనే మాట వస్తుంది. అక్కడ ఒక డ్రింక్ అంటే చాలా దేశాల్లో 8 నుంచి 14 గ్రాముల ఆల్కహాల్. మన కొలతలు వేరు. మన దగ్గర దొరికే బ్రాందీ, విస్కీ, రమ్ములో 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుందని సీసా మీదే రాసి ఉంటుంది. ఎనిమిదో తరగతి లెక్క ఇది: 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో 42.8 శాతం అంటే 77 మిల్లీలీటర్ల ఆల్కహాల్. ఆల్కహాల్ నీటికన్నా తేలిక కాబట్టి 0.79తో గుణిస్తే సుమారు 61 గ్రాములు. నైంటీ అంటే 30 గ్రాములు. 8 శాతం ఉన్న 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసాలో 41 గ్రాములు. ‘బీరే కదా’ అనేవారు ఈ అంకెను నైంటీతో పోల్చి చూసుకోవచ్చు.

మన పెద్దాయన ‘మందు’ రోజుకు 30 గ్రాములు, వారానికి 210 గ్రాములకు పైనే. ఏ విదేశీ పరిశోధనలో చూసినా అది ‘కొద్దిగా’ కాదు. కట్టింగ్‌లో ఉన్న మోతాదు వేరు, సీసాలో ఉన్న మోతాదు వేరు.

తాగే తీరు కూడా వేరే. ఫ్రాన్స్‌లో భోజనంతో పాటు నెమ్మదిగా చప్పరిస్తారు. ఇక్కడ చాటుగా, ఖాళీ కడుపుతో, ఎవరైనా వస్తారేమోనన్న భయంతో పది నిమిషాల్లో ముగిస్తారు. నంజుకోవడానికి ఉప్పూ కారం దట్టించిన మిక్చరో, వేపుడో, పచ్చడో. ఆ ఉప్పు రక్తపోటుకు మరో ఆజ్యం.

మన రక్తం తీరు గురించి కూడా తెలిసింది కొంత ఉంది. 52 దేశాల్లో గుండెపోటు కారణాలను పరిశీలించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో వచ్చింది. మొత్తం మీద మద్యం కొంత రక్షణ ఇస్తున్నట్టే అందులో కనిపించింది. కానీ భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్ ప్రజల లెక్కను విడిగా తీసి 2007లో ప్రచురించినప్పుడు ఆ రక్షణ కనిపించలేదు. అదే లెక్కలో ఇంకొక చేదు నిజం ఉంది. మన ప్రాంతం వారికి మొదటి గుండెపోటు సగటున 53వ ఏట వస్తోంది, మిగతా దేశాల వారికి 59వ ఏట. ఆరేళ్లు ముందే! 2010లో భారతీయ పురుషుల మీద వచ్చిన మరో అధ్యయనంలోనైతే తాగేవారిలోనే గుండెజబ్బు ఎక్కువగా కనిపించింది.

గుండెకు మద్యం చేసే చెరుపు నాలుగైదు దారుల్లో ఉంటుంది. మొదటిది రక్తపోటు. దీన్ని మొట్టమొదట గమనించింది ఎక్కడో తెలుసా? వైన్‌కు పేరుపొందిన ఆ ఫ్రాన్స్‌లోనే. 1915లో కామీ లియాన్ అనే వైద్యుడు ఫ్రెంచి సైనికులను పరీక్షించి, ఎక్కువ వైన్ తాగేవారిలో అధిక రక్తపోటు ఎక్కువగా ఉందని రాశారు. ఎనభై ఏళ్ల తర్వాత టీవీవారికి అది గుర్తు రాలేదు. మంచి సంగతి ఏమిటంటే, ఎక్కువగా తాగేవారు తగ్గిస్తే కొద్ది వారాల్లోనే బి.పి. దిగడం మొదలవుతుంది.

రెండోది గుండె లయ తప్పడం. వారాంతాల్లో, పండుగ సెలవుల్లో బాగా తాగి, గుండె లయ తప్పి ఆసుపత్రికి వచ్చేవారిని చూసి 1978లో అమెరికా వైద్యులు దీనికి ‘హాలిడే హార్ట్’ అని పేరు పెట్టారు. గుండె పై గదులు క్రమం తప్పి వణుకుతాయి, అక్కడ రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. 2020లో ఆస్ట్రేలియా వైద్యులు ఇలాంటి జబ్బున్న 140 మందిని చీటీలు వేసి రెండు గుంపులుగా చేసి, ఒక గుంపును మద్యం మాన్పించారు. ఆరు నెలల్లో, మానేయని గుంపులో 73 శాతం మందికి లయ మళ్లీ తప్పింది. మానినవారిలో 53 శాతానికి. ఇది అడిగి రాసుకున్న లెక్క కాదు, చీటీలు వేసి చేసిన అసలైన పరీక్ష.

మూడోది గుండె కండరమే సాగిపోవడం. జర్మనీలోని మ్యూనిక్‌లో బీరు అతిగా తాగేవారి గుండెలు ఉబ్బి ఉండటాన్ని 1884లోనే ఒట్టో బోలింగర్ అనే వైద్యుడు వర్ణించారు. రోజూ క్వార్టరుకు మించి ఏళ్ల తరబడి తాగేవారికి ఇది వచ్చే ప్రమాదం ఎక్కువ. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం, కాళ్లకు నీరు. ‘వయసు మీద పడింది’ అనుకుంటూ గడిపేస్తారు. తొందరగా గుర్తించి పూర్తిగా మానేస్తే చాలామందిలో గుండె మళ్లీ కోలుకుంటుంది. ఇవి గాక ట్రైగ్లిజరైడ్లు పెరగడం, గ్రాముకు 7 కెలోరీల చొప్పున పొట్ట పెరగడం సరేసరి.

తొమ్మిదో గడి

ఇంతవరకు రాసింది పుస్తకాల్లో దొరుకుతుంది. ఇక రాయబోయేది మేము కళ్లారా చూసింది. రాయాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించాం.

కొన్నేళ్ల క్రితం మా వీధిలోనే ఒకాయనకు గుండెపోటు వచ్చింది. నలభై ఆరేళ్లు. పెద్ద ఆసుపత్రిలో చేర్చారు. డాక్టరు అలవాట్ల గురించి అడిగితే ఆయన అన్నగారు, “మా ఖాందాన్‌లో అలాంటివేవీ లేవు సార్” అన్నారు. ఆయన నమ్మే అన్నారు. రెండు రోజులు బాగానే ఉన్నాడు. మూడో రోజు రాత్రి చేతులు వణకడం మొదలైంది. చెమటలు, గుండె వేగం, బి.పి. పైపైకి. గోడ మీద చీమలు పాకుతున్నాయని, ఎవరో తలుపు దగ్గర నిలబడి పిలుస్తున్నారని అరవసాగాడు. సెలైన్ సూది పీకేశాడు. డాక్టర్లు మెదడుకు ఏమైనా అయిందేమోనని స్కానింగ్‌కు పంపారు. ఇంటివారు గాలి సోకిందని తావీజు తెప్పించారు. వాళ్ల అమ్మీ వరండాలో కూర్చుని తస్బీహ్ తిప్పుతూ ఏడుస్తోంది.

ఆ వరండాలో మేమూ ఉన్నాం. ఆయన సాయంత్రాలు బైపాస్ రోడ్డు వైపు ఎందుకు వెళతాడో మాకు తెలుసు. మాతో పాటు అక్కడ నిలబడ్డ మరో ఇద్దరికీ తెలుసు. ముగ్గురం నేల చూపులు చూశాం. పెళ్లీడుకొచ్చిన కూతురున్న ఇల్లు, నలుగురిలో మాట పడుతుందని. అర్ధరాత్రి దాటాక అతని భార్యే నర్సును పక్కకు పిలిచి, “రోజూ తాగుతారు సిస్టర్, పన్నెండేళ్ల నుంచి” అని చెప్పింది. అప్పటికే అతనికి ఒకసారి ఫిట్స్ వచ్చాయి. గంటలో వైద్యం మారింది. ప్రాణం దక్కింది, అల్‌హందులిల్లాహ్.

రోజూ తాగే శరీరం ఒక్కసారిగా మద్యం అందకపోతే ఇలాగే ఎదురుతిరుగుతుందని, ఆఖరి గ్లాసు తర్వాత రెండు మూడు రోజుల్లో ఇది ముదురుతుందని, దెబ్బతిన్న గుండెకు ఆ పరుగు ప్రాణాంతకమని తర్వాత డాక్టరు గారు వివరించారు. మొదటి రోజే తెలిసి ఉంటే తగిన మందులూ, బి1 విటమిన్ ఇంజెక్షన్లూ ఇచ్చి అసలు అక్కడిదాకా రానిచ్చేవారం కాదని కూడా అన్నారు. ఆయన ఆ మాట అంటున్నప్పుడు మేము గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాం.

తాగడం నిషిద్ధమైన చోట తాగేవారు ఉండరని కాదు, చెప్పేవారు ఉండరు. గుండెజబ్బు ఉన్నవారికి ఈ దాపరికం తాగుడుతో సమానంగా చెరుపు చేస్తుంది. స్టెంట్ వేయించుకున్నవారు రక్తం పలచబడే మందులు వాడతారు. మద్యం తోడైతే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది. వాల్వు మార్పిడి చేయించుకున్నవారు వాడే వార్‌ఫరిన్, ఎసిట్రోమ్ వంటి మాత్రల మోతాదు మద్యంతో తారుమారవుతుంది. ఛాతీనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్‌తో మద్యం కలిస్తే బి.పి. ఒక్కసారిగా పడిపోయి మనిషి కుప్పకూలవచ్చు. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్‌తోనూ పొసగదు. డాక్టరుకు తెలియకపోతే ఇవేవీ సరిచేయలేడు.

ఇది చదివి ఈ రాత్రే సీసా పారేయాలనుకునేవారికి ఒక హెచ్చరిక. వారానికి ఒకటి రెండుసార్లు తాగేవారు నిక్షేపంగా మానేయవచ్చు. రోజూ క్వార్టరు, అంతకు మించి తాగేవారు, పొద్దున లేవగానే చేతులు వణికేవారు మాత్రం డాక్టరుకు చెప్పి, వారి పర్యవేక్షణలోనే మానాలి. ఎవరికి చెప్పాలో తెలియనివారికి కేంద్ర ప్రభుత్వ వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446 ఉంది. డబ్బు ఖర్చు లేదు. ఇంటి ఆడవారు కూడా ఫోన్ చేసి సలహా అడగవచ్చు.

పోయిన ఏడాది శిబిరానికి ముందు కమిటీవారితో మాట్లాడి ఫారం మార్పించాం. తొమ్మిదో ప్రశ్న మా బల్ల దగ్గర ఇప్పుడు లేదు. బి.పి. చూసే చోట పరదా కట్టించి, మనిషి ఒక్కడే ఉన్నప్పుడు నర్సు అడిగేలా ఏర్పాటు చేశాం. ‘అలవాటు ఉందా?’ అని కాక, ‘వారంలో ఎన్ని రోజులు? ఎంత?’ అని అడుగుతారు. ఆ జవాబులు నేరుగా డాక్టరుకే వెళతాయి. ఎన్ని ‘అవును’లు వచ్చాయో మేము అడగలేదు, వారు చెప్పలేదు.

పెద్దాయన ఆ శిబిరానికి కూడా వచ్చారు, కొడుకుతోనే. పరదా లోపలికి వెళ్లి, కాసేపటికి బయటికి వచ్చి, మా బల్ల దగ్గర ఆగారు. మానేసి తొమ్మిది నెలలైందట, బి.పి. మాత్ర సగానికి తగ్గించారట. “ఆ కట్టింగ్ ఏం చేశారు?” అని అడిగాం. “మిత్రుడికే తిరిగి ఇచ్చేశా మాస్టారూ. వాడికీ స్టెంట్ పడింది” అన్నారు.